మాంద్యం రోజుల్లో ఉద్యోగం నుంచి సొంత వ్యాపారానికి ఎలా మారాలి

అమెరికాలో ఆర్డర్లు తగ్గితే మాదాపూర్‌లో ప్రాజెక్టులు ఆగుతాయి. ప్రాజెక్టులు ఆగితే చుట్టుపక్కల హాస్టళ్లకు, క్యాబులకు, కర్రీ పాయింట్లకు గిరాకీ పడిపోతుంది. 2008 సెప్టెంబరులో లేమన్ బ్రదర్స్ దివాలా తీసినప్పుడు, 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడినప్పుడు హైదరాబాద్ దీన్ని దగ్గర నుంచి చూసింది. 2020లో కరోనా వచ్చి దేశ జీడీపీ వరసగా రెండు త్రైమాసికాలు తగ్గింది. 2022 చివరి నుంచి మళ్లీ ఐటీలో కోతల వార్తలు మొదలయ్యాయి. ఇలాంటి రోజుల్లోనే చాలామందికి ఒకే ప్రశ్న వస్తుంది. ఉద్యోగం ఎలాగూ గ్యారంటీ లేదు, సొంతంగా ఏదైనా పెట్టుకుంటే పోదా?

పెట్టుకోవచ్చు. నిజానికి మాంద్యంలో పని బొత్తిగా దొరకకపోవడం అరుదు. పని దొరుకుతుంది, దాని డబ్బు మాత్రం ఆలస్యంగా వస్తుంది. ఉద్యోగంలో ఒకటో తారీఖుకి జీతం పడటానికి అలవాటు పడ్డవాళ్లు తట్టుకోలేనిది ఈ ఆలస్యాన్నే. అందుకే కింద చెప్పే ప్రతి అడుగులోనూ ఎంత సంపాదిస్తారన్న దానికంటే ఆ డబ్బు చేతికి ఎప్పుడు వస్తుందన్నదే ఎక్కువగా చూస్తాను.

మొదటి అడుగు: ఇంటి లెక్క రాయండి

వ్యాపారం లెక్క తర్వాత. ముందు ఇల్లు నెలకి ఎంతతో నడుస్తుందో కాగితం మీద పెట్టండి. గుర్తున్నది రాస్తే తప్పుతుంది, బ్యాంకు స్టేట్‌మెంటు, యూపీఐ హిస్టరీ ముందేసుకుని గడిచిన ఆరు నెలలవీ చూడండి. ఏడాదికోసారి వచ్చే స్కూలు ఫీజు, ఇన్సూరెన్సు, పండగ ఖర్చు, ఊళ్లో పెళ్లిళ్లకు పెట్టే చదివింపులు కూడా పన్నెండుతో భాగించి కలపండి. చాలామంది లెక్క తప్పేది వీటి దగ్గరే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఇంజినీరు. ఇంటి లోను ఈఎంఐ 22,000, ఇంటి సరుకులు, పాలు, గ్యాసు, కరెంటు 12,000, పిల్లల చదువు 8,000, అమ్మానాన్నల మందులు 4,000, ఇన్సూరెన్సులు 4,000, పెట్రోలు, ఫోన్లు, మిగతావి 6,000. మొత్తం 56,000. భార్య కూడా ఉద్యోగం చేస్తూ నెలకి 30,000 తెస్తుంటే లోటు 26,000. ఏడాదికి 3,12,000. ఆమెకు ఉద్యోగం లేకపోతే ఏడాదికి 6,72,000.

మామూలు రోజుల్లో ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంటే చాలంటారు. మాంద్యంలో నేనైతే ఏడాదికి తగ్గొద్దంటాను. వ్యాపారం నడవకపోతే మళ్లీ ఉద్యోగం వెతుక్కోవడానికే నెలలు పడుతుంది, ఆ నెలలకు కూడా డబ్బు కావాలి. ఈ డబ్బు ఇంటిది. దీన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేరేగా పెట్టండి, వ్యాపారం ఎంత బాగా కనిపించినా దీని జోలికి వెళ్లొద్దు. అంత మొత్తం లేకపోతే వ్యాపారం మానుకోమని అర్థం చేసుకోవద్దు, ఉద్యోగం వదిలే తేదీని వెనక్కి జరపమని అర్థం.

ఈ లెక్క భార్యాభర్తలిద్దరూ కూర్చుని చేయాలి. అమ్మానాన్నలు మీ మీద ఆధారపడి ఉంటే వాళ్లకీ చెప్పాలి. ఇంట్లో తెలియకుండా మొదలుపెట్టిన వ్యాపారంలో రెండో నెల డబ్బు ఆలస్యమైతే వచ్చే టెన్షన్‌కి, ఇంట్లో అబద్ధాలు చెప్పాల్సిన టెన్షన్ కూడా తోడవుతుంది.

రెండో అడుగు: ఐడీ కార్డు చేతిలో ఉండగానే చేయాల్సినవి

జీతం స్లిప్పు ఉన్నంతకాలం తెరుచుకునే తలుపులు కొన్ని, రాజీనామా చేసిన మర్నాడే మూసుకుంటాయి.

హెల్త్ ఇన్సూరెన్సు వీటిలో అన్నిటికంటే ముఖ్యం. కంపెనీ గ్రూప్ పాలసీ సాధారణంగా ఆఖరి రోజుతో ఆగిపోతుంది. అదే ఇన్సూరెన్సు కంపెనీలో సొంత పాలసీకి మారే వీలు ఇన్సూరెన్సు నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనల్లో ఉంది. కానీ నోటీస్ పీరియడ్ మొదట్లోనే అడగాలి. ఇంట్లో ఎవరికైనా షుగరో బీపీయో ఉంటే ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే కొత్తగా తీసుకునే పాలసీలో ముందునుంచి ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ ఉండొచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్, లైఫ్ పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ లేదు కాబట్టి భారం కొంత తగ్గింది. టర్మ్ ఇన్సూరెన్సు లేకపోతే అది కూడా ఇప్పుడే తీసుకోండి. జీతం స్లిప్పుతో సులువుగా వచ్చే పాలసీకి, వ్యాపారం పెట్టాక రెండు మూడేళ్ల ఐటీ రిటర్నులు అడుగుతారు.

తర్వాత గ్రాట్యుటీ, అంటే మానేసేటప్పుడు సర్వీసుని బట్టి కంపెనీ ఇచ్చే మొత్తం. శాశ్వత ఉద్యోగి స్వయంగా రాజీనామా చేస్తే ఐదేళ్ల సర్వీసు నిండాలి. లెక్క సులువే. చివరి నెల బేసిక్, డీఏ కలిపి 15తో గుణించి, 26తో భాగించి, సర్వీసు సంవత్సరాలతో గుణించాలి. బేసిక్ 40,000, ఆరేళ్ల సర్వీసు అయితే సుమారు 1,38,000 రూపాయలు. నాలుగేళ్ల మూడు నెలలు అయినవాళ్లు ఆవేశంలో వదిలేస్తే గ్రాట్యుటీ మొత్తం పోతుంది. తేదీ ఒకసారి చూసుకోండి.

పీఎఫ్ గురించి కాస్త గట్టిగా చెబుతాను. వ్యాపారానికి పెట్టుబడిగా పీఎఫ్‌ని తీయొద్దు. 2024-25కి దాని మీద 8.25 శాతం వడ్డీ ఇచ్చారు. మీరు ఉద్యోగం మానేసి కొత్తగా ఏమీ వేయకపోయినా వడ్డీ వస్తూనే ఉంటుంది. ఐదేళ్ల సర్వీసు నిండకముందు తీస్తే పన్ను కూడా పడుతుంది. ఎంత తీయొచ్చు, ఎన్ని నెలలు ఆగాలి అన్న నిబంధనలు మార్చాలని 2025 అక్టోబరులో ఈపీఎఫ్ఓ బోర్డు నిర్ణయించింది. అందువల్ల పాత వీడియోలు చూసి లెక్క వేసుకోకుండా ఈపీఎఫ్ఓ పోర్టల్‌లోనే చూసుకోండి. పింఛనుకి పదేళ్ల సర్వీసు కావాలి, పెన్షన్ వాటా విత్‌డ్రా చేస్తే ఆ సర్వీసు పోతుంది. దానికి బదులు స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే రేపు మళ్లీ ఉద్యోగంలో చేరినా పాత సర్వీసు కలుస్తుంది.

ఇక ఉద్యోగంలో ఉంటూనే సొంత పని మొదలుపెట్టడం. మీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చదవండి. ఇంకో పని చేయకూడదని అందులో ఉంటే చేయకండి. 2022లో పోటీ కంపెనీలకు పనిచేస్తున్నారని విప్రో 300 మందిని తీసేసింది. శనాదివారాల్లో మార్కెట్ తిరగడం, ధరలు కనుక్కోవడం, నలుగురితో మాట్లాడటం, కోర్సు చేయడం వీటికి అడ్డేమీ ఉండదు. ఆఫీసు లాప్‌టాప్‌లో మాత్రం మీ వ్యాపారం ఫైలు ఒక్కటి కూడా పెట్టొద్దు, అక్కడి కస్టమర్ల జాబితా ఒక్క పేజీ కూడా తెచ్చుకోవద్దు. మానేశాక అదే రంగంలో వ్యాపారం చేయకూడదన్న షరతు గురించి చాలామంది భయపడతారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం అలాంటి షరతు సాధారణంగా చెల్లదు. కానీ కంపెనీ రహస్యాలు బయటపెట్టకూడదన్న షరతు చెల్లుతుంది. ఈ రెండింటికీ ఉన్న తేడా తెలుసుకోవడానికి లాయరుకిచ్చే ఫీజు వృథా కాదు.

మూడో అడుగు: వాయిదా వేయలేని పని ఎంచుకోండి

చేతిలో డబ్బు తగ్గినప్పుడు మనుషులు ఏం చేస్తారో చూడండి. కొత్త కారు కొనరు, పాతదానికి రిపేరు చేయిస్తారు. ఇంటీరియర్ వాయిదా వేస్తారు, కారుతున్న పైపు బాగుచేయిస్తారు. ఫ్యాక్టరీ కొత్త మెషిన్ కొనదు, ఉన్నదాన్ని ఇంకో మూడేళ్లు లాగాలనుకుంటుంది. చిన్న కంపెనీ పూర్తికాలం అకౌంటెంట్‌ని తీసేసి, నెలకి నాలుగు రోజులు వచ్చి లెక్కలు చూసేవాళ్ల కోసం వెతుకుతుంది. పిల్లల ట్యూషన్ ఆపరు, పెద్దవాళ్ల మందులు ఆపరు. గిరాకీ ఈ వైపు ఉంటుంది.

మన దగ్గర ఉద్యోగం పోగానే అందరి ఆలోచనా తిండి వ్యాపారం మీదకే వెళుతుంది. టిఫిన్ సెంటరు, బిర్యానీ, టీ ఫ్రాంచైజీ. వీటిలో బాగుపడినవాళ్లు ఉన్నారు, నేను కాదనను. కానీ ఫ్రాంచైజీలో మీ సేవింగ్స్ మొత్తం మొదటి రోజే ఫీజుగా, ఇంటీరియర్‌గా, షాపు అడ్వాన్సుగా వెళ్లిపోతుంది. వ్యాపారం ఆడకపోతే వాటిలో తిరిగొచ్చేది అడ్వాన్సు ఒక్కటే, అదీ మొత్తం రాదు. వంట తెలియనివాళ్లు మాస్టర్ మీద ఆధారపడి హోటల్ పెడితే, ఆ మాస్టర్ వెళ్లిపోయిన రోజు షట్టర్ దించాల్సి వస్తుంది. పదేళ్లు ఒక రంగంలో పనిచేసి సంపాదించిన అనుభవం పక్కన పెట్టి, ఏమాత్రం తెలియని రంగంలో సున్నా నుంచి మొదలుపెట్టడానికి మాంద్యం సరైన సమయం కాదని నా అభిప్రాయం.

మీకు తెలిసిన పనిలోనే వెతకండి. మీ కంపెనీ ఇన్నాళ్లూ బయటివాళ్లతో ఏయే పనులు చేయించుకుందో గుర్తుచేసుకోండి. వాళ్లలో ఎవరు ఆలస్యంగా వచ్చేవాళ్లు, ఎవరి బిల్లు ఎక్కువని మీ మేనేజరు విసుక్కునేవారు? ఆ విసుగులో మీకు వ్యాపారం ఉంది. పటాన్‌చెరు ఇంజినీరుకి అలా తోచినదే ఏసీలు, చిల్లర్లు, కంప్రెసర్ల వార్షిక మెయింటెనెన్స్ కాంట్రాక్టులు తీసుకోవడం. టెస్టింగ్ చేసే ఐటీ ఉద్యోగికి చిన్న ఆసుపత్రుల, స్కూళ్ల సాఫ్ట్‌వేర్ సంభాళించడం కావచ్చు. పర్చేజ్ డిపార్ట్‌మెంటులో పనిచేసినవాళ్లకు నాలుగైదు చిన్న యూనిట్లకు కలిపి ముడిసరుకు బేరమాడి తెచ్చిపెట్టడం కావచ్చు.

నాలుగో అడుగు: అమ్మిన తర్వాతే ఖర్చు పెట్టండి

బోర్డు, విజిటింగ్ కార్డు, వెబ్‌సైట్, ఆఫీసు వీటితో మొదలుపెట్టడం మానండి. మీరు సేవ చేయాలనుకుంటున్న ఇరవై సంస్థల జాబితా రాయండి. ఎవరు నిర్ణయం తీసుకుంటారో, వాళ్లని మీకు పరిచయం చేయగలిగేది ఎవరో పక్కన రాయండి. ఫోన్ చేసి, వెళ్లి కలవండి. మొదటిసారి అమ్మడానికి ప్రయత్నించకుండా మూడే ప్రశ్నలు అడగండి. ఈ పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారు? ఏటా ఎంత అవుతోంది? బిల్లు ఎన్ని రోజులకు ఇస్తున్నారు?

మూడో ప్రశ్న అడగడానికి మొహమాటపడతారు. తప్పకుండా అడగండి. తొంభై రోజులకు డబ్బిచ్చే పెద్ద కంపెనీ కంటే, పని అయిన రోజే గూగుల్ పే చేసే చిన్న క్లినిక్ మొదటి ఏడాది మీకు ఎక్కువ మేలు చేస్తుంది.

"మీరు మొదలుపెట్టండి సార్, తప్పకుండా ఇస్తాం" అన్న మాటని ఆర్డరుగా లెక్కపెట్టొద్దు. రాతపూర్వక ఆర్డరు, లేదా కొంత అడ్వాన్సు, ఈ రెండింట్లో ఒకటి చేతికొచ్చినప్పుడే అది కస్టమర్ కిందకి వస్తుంది. అలాంటివాళ్లు ఇద్దరు ముగ్గురు దొరికి, వాళ్లలో ఏ ఒక్కరూ మొత్తం ఆదాయంలో సగానికి మించకుండా ఉంటే రాజీనామా గురించి ఆలోచించవచ్చు. ఒక్క కస్టమర్ మీదే బతికితే అది జీతం కంటే ప్రమాదం, ఎందుకంటే నోటీస్ పీరియడ్ కూడా ఉండదు.

ఇప్పటికే ఉద్యోగం పోయినవాళ్లకు ఈ ఆగే వెసులుబాటు ఉండదు. అలాంటప్పుడు పెట్టుబడి అక్కర్లేని పనితోనే మొదలుపెట్టండి. పాత కంపెనీకే కాంట్రాక్టు మీద కొంతకాలం పనిచేయడం, పరిచయస్తుల సంస్థకు వారానికి రెండు రోజులు వెళ్లడం లాంటివి. నెలకి ఇంటి ఖర్చులో సగమైనా అలా వస్తుంటే మిగతా రోజుల్లో సొంత వ్యాపారం నిదానంగా కట్టుకోవచ్చు.

ఐదో అడుగు: డబ్బు తిరిగే లెక్క

ఈ ఒక్క భాగం మాత్రం కాగితం, పెన్ను పట్టుకుని చదవండి.

మన ఇంజినీరుకి నెలకి 2,00,000 రూపాయల మెయింటెనెన్స్ పని దొరికిందనుకుందాం. ముగ్గురు టెక్నీషియన్లు, తలకి 22,000 చొప్పున 66,000. విడిభాగాలు 45,000. పెట్రోలు, పనిముట్లు, ఫోన్లు 14,000. మొత్తం ఖర్చు 1,25,000. కాగితం మీద నెలకి 75,000 మిగులు. జీతం కంటే ఎక్కువే కాబట్టి సంతోషంగా ఏప్రిల్ 1న మొదలుపెట్టాడు.

ఏప్రిల్ 30న బిల్లు వేశాడు. 2,00,000 మీద 18 శాతం జీఎస్టీ 36,000, మొత్తం 2,36,000. కస్టమర్ అరవై రోజులకు ఇస్తానన్నాడు, అంటే జూన్ నెలాఖరు. ఈలోగా ఏం జరుగుతుందో చూడండి.

విడిభాగాలు కొన్నప్పుడు వాటి మీద తానూ 8,100 జీఎస్టీ కట్టాడు కాబట్టి నెల ఖర్చు చేతినుంచి వెళ్లేది 1,33,100. కస్టమర్ డబ్బు ఇవ్వకపోయినా బిల్లు వేశాడు గనక ఏప్రిల్ జీఎస్టీ మే 20 లోపు కట్టాలి. 36,000లో తాను ముందే కట్టిన 8,100 తీసేస్తే 27,900. మే నెలది జూన్ 20 లోపు ఇంకో 27,900. ఏప్రిల్, మే, జూన్ మూడు నెలల ఖర్చు 3,99,300, రెండు నెలల జీఎస్టీ 55,800. కలిపి 4,55,100.

జూన్ నెలాఖరుకి మొదటి చెక్కు వస్తుంది. ఒక శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) 2,000 పట్టుకుని 2,34,000 ఇస్తారు.

మొదటి రోజు నుంచి లాభంలో ఉన్న వ్యాపారం ఇది. అయినా మొదటి రూపాయి వచ్చేలోపు జేబులోంచి నాలుగున్నర లక్షలు వెళ్లాయి, ఇంటి ఖర్చు ఇందులో కలపలేదు. కస్టమర్ అరవై రోజులని చెప్పి తొంభై రోజులకు ఇస్తే ఇంకో లక్షన్నరకు పైగా కావాలి. మాంద్యంలో కొత్త వ్యాపారాలు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి. టెక్నీషియన్లకు జీతం ఇవ్వలేక పని ఆపుతారు, పని ఆగిందని కస్టమర్ పాత బిల్లు కూడా ఆపుతాడు.

మీ వ్యాపారానికి ఇలాంటి పట్టిక వేయండి. ఎడమవైపు తేదీలు, పక్కన వెళ్లే డబ్బు, వచ్చే డబ్బు, ఆ రోజుకి చేతిలో మిగిలేది. అన్నిటికంటే లోతుగా పడిపోయిన రోజు ఎంత లోటు ఉందో, అదే మీకు కావాల్సిన అసలు పెట్టుబడి. దాని మీద ఇంకో మూడో వంతు కలుపుకోండి.

ఆ లోటుని తగ్గించే దారులున్నాయి. ఖరీదైన విడిభాగాలు కస్టమర్‌నే నేరుగా కొనివ్వమనండి, మీరు పని మాత్రం చేయండి. పై లెక్కలో అది ఒక్కటి మారితేనే మూడు నెలల్లో లక్షకు పైగా మీ జేబు నుంచి వెళ్లకుండా ఉంటుంది. బిల్లు మొత్తానికి అడ్వాన్సు అడిగితే ఎవరూ ఇవ్వరు కానీ, "మూడు నెలలది ముందే ఇస్తే ఐదు శాతం తగ్గిస్తాను" అంటే కొందరు ఇస్తారు. నెలకోసారి కాకుండా పదిహేను రోజులకోసారి బిల్లు వేయండి. ముగ్గురు టెక్నీషియన్లతో కాకుండా ఒకరితో, మీరూ స్పానర్ పట్టుకుని మొదలుపెట్టండి.

చట్టం కూడా మీ వైపు కొంత ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ ఇవ్వాలి. పైగా 2023-24 నుంచి, ఈ గడువు దాటి, ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు కూడా చెల్లించని మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోవడానికి కొనుగోలుదారుకి ఆదాయపు పన్నులో వీల్లేదు. తయారీకి, సేవలకు ఇది వర్తిస్తుంది, కొని అమ్మే వ్యాపారులకు ఈ రక్షణ ఉండదు. కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు కానీ ఫిర్యాదు చేశాక ఆ కస్టమర్ మీకు మిగలకపోవచ్చు. అందుకే దీన్ని ముందే వాడుకోండి. ఉద్యం నంబరు (చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు) ప్రతి బిల్లు మీదా వేయండి, ఒప్పందంలో 45 రోజులని రాయించండి, మార్చి నెలాఖరుకి ముందు వాళ్ల అకౌంట్స్ విభాగానికి ఒక మెయిల్ పంపండి. పన్ను లెక్క తెలిసిన అకౌంటెంట్ మీ బిల్లుని కాస్త పైకి జరుపుతారు.

ఆరో అడుగు: పెట్టుబడి ఎక్కడినుంచి

సేవింగ్స్‌లో ఇంటి డబ్బు పక్కన పెట్టాక మిగిలింది ముందు. తర్వాత బ్యాంకు. ముద్ర పథకం కింద తాకట్టు లేకుండా శిశులో 50,000 దాకా, కిశోర్‌లో 5 లక్షల దాకా, తరుణ్‌లో 10 లక్షల దాకా ఇస్తారు. తరుణ్ అప్పు సక్రమంగా తీర్చినవాళ్లకు 20 లక్షల వరకు పెంచారు. తాకట్టు లేదంటే కాగితాలు లేవని కాదు. ఆర్డరు కాపీ, పైన వేసిన డబ్బు పట్టిక, ఆరు నెలల స్టేట్‌మెంటు పట్టుకెళితే మేనేజరు మాట్లాడే తీరే మారుతుంది.

పీఎంఈజీపీ (ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం)లో తయారీకి 50 లక్షల దాకా, సేవలకు 20 లక్షల దాకా ప్రాజెక్టులకు 15 నుంచి 35 శాతం వరకు సబ్సిడీ పెట్టారు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు, గ్రామాల్లో పెట్టేవాళ్లకు ఎక్కువ. ఆ సబ్సిడీ డబ్బు మీ చేతికి రాదు, మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి తర్వాత అప్పులో సర్దుబాటు అవుతుంది. అందుకే సబ్సిడీ చూసి ప్రాజెక్టు పెద్దది చేయొద్దు. ఇప్పుడు ఏ పథకం నడుస్తోందో మీ జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు బాలానగర్‌లో కేంద్ర ప్రభుత్వ ఎంఎస్ఎంఈ కార్యాలయం, యూసుఫ్‌గూడలో ఎంఎస్ఎంఈ జాతీయ సంస్థ, మహిళలకు వీ హబ్ ఉన్నాయి. జిల్లాల్లో బ్యాంకులు నడిపే స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో గ్రామీణ యువతకు ఉచితంగా నేర్పుతారు.

ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బుతో వ్యాపారం మొదలుపెట్టొద్దు. అది ఏడాదికి 24 శాతం. ఐదు లక్షలు తెస్తే కస్టమర్ డబ్బిచ్చినా ఇవ్వకపోయినా నెలనెలా 10,000 కట్టాలి. చీటీ పాడుకుని ఆ డబ్బు పెట్టినా నెలనెలా కట్టుబడి తప్పదు. బావమరిదో స్నేహితుడో డబ్బు పెడతానంటే అది అప్పా, వాటానా అన్నది మొదటి రోజే స్టాంపు పేపరు మీద రాసుకోండి. "మనలో మనకి కాగితాలెందుకు" అన్నవాళ్ల మధ్యే తర్వాత మాటలు పోతాయి.

మాంద్యం వల్ల ఒక మేలు కూడా ఉంది. ఖాళీగా ఉన్న షట్టర్ల యజమానులు అడ్వాన్సు తగ్గిస్తారు, మొదటి రెండు నెలలు అద్దె వద్దనేవాళ్లూ ఉంటారు. అడగాలి అంతే. పనిముట్లు, కంప్యూటర్లు, ఫర్నిచరు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతాయి. కొత్త యంత్రం కొనకముందు రాణిగంజ్ ఒకసారి తిరగండి, లేదా విజయవాడ ఆటోనగర్. మంచి పనివాళ్లు కూడా ఈ రోజుల్లోనే దొరుకుతారు. వాళ్లకు మాత్రం జీతం ఆలస్యం చేయొద్దు, మీలాగే వాళ్లకూ ఈఎంఐలు ఉంటాయి.

ఏడో అడుగు: రిజిస్ట్రేషన్లు

ఇది అనుకున్నంత కష్టం కాదు. ఒక్కరే అయితే ప్రొప్రయిటర్‌షిప్ చాలు, ప్రైవేట్ లిమిటెడ్‌కి ఏటా ఆడిట్, ఫైలింగుల ఖర్చు ఉంటుంది. ఉద్యం రిజిస్ట్రేషన్ ఆధార్, పాన్‌తో ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితంగా అయిపోతుంది, డబ్బు అడిగే సైట్లు వేరేవి. సేవలకు ఏడాదికి 20 లక్షల టర్నోవరు దాటితే జీఎస్టీ తప్పనిసరి. సరుకులు అమ్మేవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో ఆ పరిమితి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలే. వేరే రాష్ట్రానికి సరుకు అమ్మితే పరిమితితో పనిలేకుండా తీసుకోవాలి. తిండి పదార్థాలైతే ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అనుమతి కావాలి. షాపు తెరిస్తే కార్మిక శాఖ రిజిస్ట్రేషన్, మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు తీసుకోండి. కరెంట్ అకౌంట్ వేరేగా తెరిచి, ప్రతి నెలా ఒకే తేదీన కొంత మొత్తం మీ ఇంటి ఖాతాకి మళ్లించుకోండి. అది మీ జీతం. వ్యాపారం డబ్బుతో ఇంటి సరుకులు కొనడం మొదలుపెడితే లాభమో నష్టమో మీకే తెలియకుండా పోతుంది.

ఎనిమిదో అడుగు: ఆపే గీత ముందే గీయండి

రాజీనామా ఇచ్చే రోజే రెండు అంకెలు రాసి ఇంట్లో వాళ్లకు ఇవ్వండి. ఒకటి తేదీ, రెండోది మొత్తం. "వచ్చే మార్చి నాటికి ఇంటి ఖర్చులో సగమైనా వ్యాపారం ఇవ్వకపోతే, లేదా ఐదు లక్షలు పోతే ఆపుతాను" అన్నట్టు. నష్టంలో ఉన్నప్పుడు ఇంకొక్క నెల చూద్దామని ఎవరికైనా అనిపిస్తుంది. అందుకే ఆ నిర్ణయం ప్రశాంతంగా ఉన్న రోజునే రాసిపెట్టుకోవాలి. ఆ గీత దగ్గరికి వచ్చే రెండు నెలల ముందు నుంచే పాత సహోద్యోగులతో, కన్సల్టెన్సీలతో మాట్లాడటం మొదలుపెట్టండి. రెజ్యూమెలో ఆ కాలాన్ని ఖాళీగా చూపించొద్దు. ఉద్యం సర్టిఫికెట్, కస్టమర్ల లెటర్లు, కట్టిన జీఎస్టీ రిటర్నులు పెట్టి, ఏయే పనులు నడిపారో రాయండి.

ఆపేటప్పుడు రావాల్సిన బాకీలు వసూలు చేశాకే కస్టమర్లకు చెప్పండి. పనివాళ్ల జీతాలు పూర్తిగా తీర్చండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌ని అలా వదిలేయొద్దు. వ్యాపారం లేకపోయినా రిటర్నులు వేయకపోతే లేటు ఫీజు పెరుగుతూ పోతుంది. పోర్టల్‌లో రద్దుకి దరఖాస్తు పెట్టి, రద్దయిన మూడు నెలల్లోపు జీఎస్టీఆర్-10 అనే ఫైనల్ రిటర్ను వేసి, ఆ రసీదు దాచుకోండి. ట్రేడ్ లైసెన్సు కూడా రద్దు చేయించి, షాపు అడ్వాన్సు తిరిగి తీసుకోండి. కరెంట్ అకౌంట్‌ని మాత్రం చివరి టీడీఎస్ రీఫండ్ వచ్చేదాకా ఉంచండి.